రంగం రామూర్తి కూతురు

సినిమా ఇంకా ఊళ్లోకి రానేలేదు, ఫ్లెక్సీ మాత్రం వచ్చేసింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొత్తరేవుపేట కుర్రాళ్ల తొందర ఎప్పుడూ అంతే. తుఫాను షెల్టరు ముందు రెండు సరుగుడు బాదుల మధ్య కట్టిన ఆ ఫ్లెక్సీ మీద ఒక అందగాడు నావ కొమ్ము దగ్గర నిలబడి దూరంగా చూస్తున్నాడు. నుదుటి మీద పడ్డ నల్లటి జుత్తు, సన్నటి మీసం, చూడగానే ఎవరో గొప్పింటివాడు అనిపించే నిలువు. కింద ఎర్రటి అక్షరాలు: "బర్మా దేశపు తొలినాటి సినిమా హీరో, మన ఊరి ముద్దుబిడ్డ రంగం రామూర్తి గారికి జోహార్లు." ఆ అక్షరాల కింద యువజన సంఘం వాళ్ల ఫొటోలు వరసగా ఉన్నాయి, ఆయనగారి బొమ్మ కంటే కాస్త పెద్దవిగానే.

ఆ ఫ్లెక్సీకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో రామూర్తి కూతురు జోగమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. పొద్దున్నే తలంటు పోసుకుని, మనవరాలు ఇందు కొన్న జరీ అంచు చీర కట్టుకుని, కళ్లార్పకుండా ఆ ముఖాన్నే చూస్తోంది. దండ వేసింది, కుంకం పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. అయినా ఆశ తీరలేదు. పుట్టిన దగ్గర్నుంచి చూడని ముఖం మరి, ఒక్క పూటలో తీరుతుందా?

"ముక్కు సూడయే ఇందూ, నా ముక్కే కదేటి?" అని ఇప్పటికి ఎన్నిసార్లు అడిగిందో.

"నీ ముక్కే మామ్మా. సెవులు కూడా నీయే," అంటోంది ఇందు నవ్వుతూ. ఆ పిల్ల పలాసలో ఆస్పత్రి నర్సు. ఈ వేడుక కోసమే సెలవు పెట్టి వచ్చింది.

జోగమ్మ సంగతి తెలియాలంటే ముందు ఆవిడ తండ్రి సంగతి కొంచెం చెప్పుకోవాలి. రంగూన్‌ని ఈ పక్కవాళ్లు రంగం అనే అంటారు. ఈ ఒడ్డున వలలు లాగేవాళ్లకి చేపలు పడని ఏడు ఓడెక్కి రంగం పోవడం, పలాస బజారుకి పోయినంత మామూలు ఒకప్పుడు. రామూర్తి కూడా మీసాలు రాని వయసులో బారువ రేవులో ఓడెక్కాడు. అక్కడ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోస్తుంటే, సినిమా కెమెరా పట్టుకు తిరిగే ఒక దొర ఆ పెట్టె మోయడానికి మనిషి కావాలన్నాడు. బస్తా కంటే పెట్టె తేలిక. వెళ్లాడు.

ఆ రోజుల్లో కెమెరాకి కరెంటూ లేదు, బ్యాటరీ లేదు. పక్కనున్న పిడిని చేత్తో తిప్పాలి. ఒకే వడిగా తిప్పకపోతే తెర మీద మనుషులు గద్దను చూసిన కోడిపిల్లల్లా పరుగెడతారు, లేదా నిద్రలో నడిచినట్టు కాళ్లీడుస్తారు. దొరకి ఎండలో చెయ్యి తడబడేది. రామూర్తికి తడబడేది కాదు, చిన్ననాటి నుంచి తెడ్డు వేసిన చెయ్యి అది. నోట్లో "హైలెస్సా" అనుకుంటూ పిడి తిప్పేవాడట. దొర తన దేశం వెళ్లిపోయాక రామూర్తి అదే కెమెరాతో సొంతంగా బొమ్మలు తీశాడు. ఆ దేశంలో సినిమా అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. మాటల్లేని ఆ మూగ సినిమాలని తీసిన మొదటి వరసలో, బర్మా మాట సరిగా రాని మన ఉద్దానం పల్లెవాడు ఒకడున్నాడు. గుండె ఉప్పొంగదూ మరి!

కానీ ఊళ్లో ఎవరికి ఉప్పొంగింది? పెళ్లికని వచ్చినప్పుడు రచ్చలో కూర్చుని, గుడ్డ మీద మనుషులు నడుస్తారు, ఏడుస్తారు, నావలేసుకుని పోతారు అని రామూర్తి చెబితే, ఊరిపెద్దలు పెళ్లికూతురు ఎర్రమ్మ తండ్రిని పక్కకి పిలిచి, పిల్లనిచ్చే ముందు ఓసారి ఆలోచించుకోమన్నారు. కుర్రాడికి రంగంలో ఎవరో చేతబడో చిల్లంగో పెట్టారని వాళ్ల అనుమానం. వేపమండలతో దిగదుడిచాకే తాళి కట్టనిచ్చారు. పెళ్లయ్యాక ఎర్రమ్మ మొగుడి వెంట రంగం వెళ్లింది. ఆ తర్వాత యుద్ధమొచ్చి అక్కడ బాంబులు పడ్డాయి. కడుపుతో ఉన్న పెళ్లాన్ని దొరికిన ఓడ ఎక్కించి, "నాను నడిసొచ్చేత్తాను, నువ్వు ముందెల్లు" అన్నాడు రామూర్తి. అడవులు దాటి కాలినడకన బయల్దేరిన వేలమందిలో కలిసిపోయాడు. ఎర్రమ్మ ఊరు చేరింది. జోగమ్మ పుట్టింది. ఆయన రాలేదు.

ఫొటో ఒక్కటీ లేదు. ఎందుకు లేదని అడిగితే ఎర్రమ్మ, "అందరి బొమ్మలూ తీసినోడికి తన బొమ్మ తీసే నాథుడు దొరకనేదు" అనేది. బతికున్నన్నాళ్లూ అదే మాట.

చిన్నప్పుడు జోగమ్మ ఒడ్డుకి వచ్చిన ప్రతి కొత్త మనిషి ముఖంలోకీ చూసేది. పెద్దయ్యాక ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని టెక్కలి సంతకీ, పలాస బజారుకీ తిరిగినప్పుడు రైలు దిగిన ముసలాళ్లని చూసేది. జీడిపిక్కల బట్టీలో పనిచేసింది, పిక్కనూనెకి వేళ్లు నల్లబడి చర్మం ఊడింది. మొగుడు సముద్రంలో పోయాడు, కొడుకు ఉద్దానంలో చాలామంది పోయినట్టే కిడ్నీల జబ్బుతో పోయాడు. అన్నీ ఓర్చుకుంది గాని, "మీ నాయన సినీమా తీసినాడట గదా, ఏ హాల్లో ఆడింది?" అని ఎవరైనా నవ్వితే మాత్రం ఊరుకునేది కాదు. గంప దించి మరీ దెబ్బలాడేది. ఆ దెబ్బలాటల్లో ఒక్కసారీ గెలవలేదు పాపం. చూపించడానికి చేతిలో ఏముంది గనక? చచ్చేలోగా తండ్రి ముఖం ఒక్కసారి చూడాలన్నది ఆవిడ కోరిక. అది తీరని కోరికని ఆవిడకీ తెలుసు.

అలాంటిది, నెల కిందట ఇందుకి ఫోనొచ్చింది. టెక్కలిలో ఒక భూస్వాముల ఇంటి ఆడపిల్ల, బిందుమాధవి, పాత సినిమాలని బాగుచేసే చదువు చదివింది. బర్మాలో ఎవరో వ్యాపారి ఇంటి అటక మీద ఒక మూగ సినిమా ముక్క దొరికిందనీ, దాని మీద కొత్తరేవు రామూర్తి అని పేరుందనీ, మనుషుల్ని వాకబు చేస్తే మీరు దొరికారనీ ఆ పిల్ల చెప్పింది. ఆ సినిమాలోంచి ఒక ఫొటో కూడా పంపింది. నావ కొమ్ము దగ్గర అందగాడు. చూసినవాళ్లెవరికీ అనుమానం రాలేదు. రామూర్తి సినిమా, అందులో అందమైన మనిషి. మన దేశంలో సినిమా ఎవరిది? హీరోది! ఆ మాత్రం దానికి అడగడం కూడానా? యువజన సంఘం నాయకుడు యువరాజు ఆ సాయంత్రమే పలాసలో ఫ్లెక్సీకి చెప్పేశాడు.

ఇదిగో, ఇప్పుడు బిందుమాధవి కారు దిగింది. డప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్లు హారతి పళ్లెంతో ఎదురెళ్లారు. ఆ పిల్ల నవ్వుతూ రెండడుగులు వేసి, ఫ్లెక్సీ చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో నవ్వు ఎటు పోయిందో జోగమ్మకి అర్థం కాలేదు. ఎండ తగిలిందేమో అనుకుని కొబ్బరిబొండం కొట్టమంది.

"జోగమ్మగారూ, మీతో ఒక్క మాట చెప్పాలి. ఓసారి లోపలికి వస్తారా?" అంది బిందుమాధవి, బొండం పట్టుకుని తాగకుండా.

"ముందు సినీమా తల్లీ, మాటలు తరవాత," అంటూ జోగమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని షెల్టరులోకి లాక్కుపోయింది. "మాటల్నేని సినీమాకి ముందు మాటలెందుకు?"

మేడ మీది హాలు. కిటికీలకి నీలం టార్పాలిన్లు కట్టి మిట్టమధ్యాహ్నాన్ని చీకటి చేశారు. గోడకి తెల్లటి దుప్పటి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. వేటకెళ్లాల్సిన వాళ్లు వెళ్లలేదు, మూలపేట పోర్టు పనికెళ్లాల్సిన వాళ్లు కూడా డుమ్మా కొట్టేశారు. ముసలాళ్లంతా ముందు చాపల మీద, వాళ్ల నడుమ జోగమ్మ మరిది గణపతిరావు. బిందుమాధవి తెచ్చిన చిన్న ప్రొజెక్టరు దుప్పటి మీద వెలుగు కొట్టగానే ఒక్కసారిగా ఈలలు పడ్డాయి.

మొదట జంతికల్లాంటి గుండ్రటి అక్షరాలు వచ్చాయి. "ఇది బర్మా లిపి," అని బిందుమాధవి గొంతు పెంచి చదివింది. "చిత్రాన్ని తీసినవారు, కొత్తరేవు రామూర్తి."

హాలు అదిరిపోయింది. ఊరి పేరు! ఎక్కడో దేశంకాని దేశంలో, వాళ్ల అక్షరాల్లో, కొత్తరేవు! జోగమ్మ కూర్చున్నచోట వెనక్కి తిరిగి అందరినీ ఒక చూపు చూసింది. ఎన్నేళ్ల దెబ్బలాటో ఆ చూపులో గెలిచింది. "ఇన్నారా?" అంది. విన్నామని అందరూ ఒప్పుకున్నారు.

తర్వాత ఒక ఏటి ఒడ్డు కనిపించింది. పొడుగాటి ఇసుక తిన్నె, నీళ్లలో ఒక నావ, నావలో తెడ్లు పట్టిన గోచీగుడ్డల మనుషులు, కొమ్ము దగ్గర ఫ్లెక్సీలోని అందగాడు. యువరాజు బృందం కాగితం ముక్కలు ఎగరేసింది. ఆడవాళ్లు పూలు విసిరారు. జోగమ్మ రెండు చేతులూ జోడించి, "నాయినా," అంది. ఆ అందగాడు అటూ ఇటూ తిరిగాడు, దిగులుగా ఆకాశంకేసి చూశాడు, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ ముఖం కదులుతుంటే జోగమ్మకి కళ్లు నిండిపోయి సగం కనపడనే లేదు. ఇంత ఆనందాన్ని ఒంటరిగా మోయలేక ఇందు భుజం గట్టిగా పట్టుకుంది.

అప్పుడు తెర అడుగున, ఇసుక మీద, ఒక నీడ పడింది. ఎండ వెనకనుంచి వస్తున్నట్టుంది. మూడు కాళ్ల పెట్టె నీడ, దాని పక్కన ఒక మనిషి నీడ. ఆ మనిషి కుడిచెయ్యి గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఎడంచెయ్యి పైకి లేచింది. ఆ చేతిలో పొడుగాటి గుడ్డ ఉంది.

"ఒరే! ఆడెవుల్రా, తువ్వాలు ఊపుతున్నాడు!" అని అరిచాడు గణపతిరావు.

నవ్వుదామనుకున్న కుర్రాళ్లు ముసలాళ్ల ముఖాలు చూసి ఊరుకున్నారు. ఈ ఒడ్డున పెద్దవల వేసేటప్పుడు ఒక మనిషి ఇసుక దిబ్బ మీద నిలబడతాడు. చేపల గుంపు ఎటు పోతోందో నీటి రంగు చూసి, నావలో ఉన్నవాళ్లకి తువ్వాలుతో సైగ చేస్తాడు. కెరటాల హోరులో కేక వినపడదు, చేతి సైగే మాట. ఒక్కో రేవుకి ఒక్కో తీరు. పక్క రేవువాళ్లకి కూడా మన సైగ అర్థం కాదు. గణపతిరావు తన వయసులో ఆ దిబ్బ మీద నిలబడ్డవాడే.

"ఎడమకి ఏత్తన్నాడు," అన్నాడు గణపతిరావు లేచి నిలబడి. తెర మీద నావ ఎడమకి తిరిగింది.

"నెమ్మది, నెమ్మది అంతన్నాడు," అన్నారు ముసలాళ్లంతా ఒకేసారి. తెడ్లు నెమ్మదించాయి.

"మన సైగే! తెడ్డేసినోలు మనోలేరా! మన రేవోలే!" గణపతిరావు గొంతు పగిలిపోతోంది. హాలంతా లేచి నిలబడింది. నీడ చెయ్యి విసిరే కొద్దీ ముసలాళ్లు కేకేస్తున్నారు, కేకకి తగ్గట్టు నావ తిరుగుతోంది, పిల్లలు చాపల మీద ఎగురుతున్నారు. వందేళ్ల నాటి నావని కొత్తరేవుపేట ఆ మధ్యాహ్నం నడిపింది. అంత సందడి ఆ ఊళ్లో అమ్మవారి పండక్కి కూడా చూడలేదు.

ఆ సందడిలో జోగమ్మ ఒక్కతే కూర్చుండిపోయింది. అందగాడిని చూసింది, నీడని చూసింది, మళ్లీ అందగాడిని చూసింది. అతను మాటిమాటికీ ఇటే చూస్తున్నాడు, చెప్పినట్టు చేసే పిల్లవాడిలా.

"ఆపండెహె!" అంది జోగమ్మ.

బిందుమాధవి ఆపింది.

"మా నాయిన నావలో నిలుసున్నాడు కదా. మరి ఒడ్డునుండి సైగ సేత్తన్నాదెవులు?"

బిందుమాధవి వచ్చి జోగమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నావలో ఉన్నాయన బర్మా నటుడు మామ్మా. మీ నాన్నగారు కెమెరా వెనక ఉన్నారు. ఆ నీడ ఆయనదే. వచ్చీ రాగానే చెబుదామనుకున్నాను, మీ సంబరం చూసి నోరు రాలేదు. ఆ ఫొటో ఎవరిదో రాసి పంపకపోవడం నా తప్పు."

"మరి నాయిన మొకం?"

"ఎక్కడా లేదు మామ్మా. దొరికినంత మేరా వెతికాను."

జోగమ్మకి ముందు కోపం వచ్చింది. ఎవడో పరాయివాడి ముఖానికి దండ వేసింది, కుంకం పెట్టింది, ముక్కు పోల్చుకుంది. యువరాజుని పట్టుకుని నాలుగు తిట్టింది, వాడు తల వంచుకుని తిన్నాడు. తర్వాత ఆ కోపం కూడా నిలవలేదు. ముఖం కప్పుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ఇన్నేళ్లూ లేనిది లేదనుకుని బతికింది. నెల రోజులు తండ్రి ముఖం ఉన్నదానిలా బతికి, మళ్లీ లేనిదయిపోవడం భరించలేకపోయింది. "కొండని తవ్వి నీడని పట్టుకొచ్చినారు," అంది ఏడుపు మధ్యలో.

యువరాజు కత్తెర తీసుకుని ఫ్లెక్సీ కోసెయ్యడానికి కిందికి పోబోయాడు.

"ఉండనీరా," అంది జోగమ్మ ముక్కు తుడుచుకుంటూ. "ఆ బాబేటి సేసినాడు? మా నాయిన సెప్పినట్టే ఇన్నాడు పాపం."

గణపతిరావు చాప మీద ఆవిడ పక్కన కూలబడ్డాడు. అతనికీ ఆయాసం తగ్గలేదు. "వొదినా, ఒక మాట సెప్తాను ఇను. నడి కెరటాల్లో ఉన్నోడికి దిబ్బ మీదోడి మొకం అవుపడతాదేటి? ఎప్పుడూ అవుపడదు. సెయ్యి ఒక్కటే అవుపడతాది. మా అన్న నిలుసున్నాడో, నాను నిలుసున్నానో సెయ్యి ఇసిరే వాటం బట్టే సెప్పీసీవోలు. మొకం సూసి కాదు. నువ్వు మీ నాయిన్ని సూసీసినావు, తెలుసుకోనేదు."

జోగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని దుప్పటికేసి తిరిగింది. "ఇంకోపాలి ఎయ్యమ్మా," అంది.

బిందుమాధవి మొదట్నుంచి వేసింది. ఈసారి ఎవరూ ఈల వెయ్యలేదు. అందగాడు వచ్చాడు, ఆకాశంకేసి చూశాడు, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. జోగమ్మ అతన్ని చూడలేదు. తెర అడుగున ఎప్పుడు నల్లబడుతుందా అని చూసింది. నల్లబడింది. పిడి తిప్పే చెయ్యి నీళ్ల మీద తెడ్డులా నిదానంగా తిరిగింది. తువ్వాలు చెయ్యి లేచింది, మోచెయ్యి కాస్త బయటికి విసిరి, మణికట్టు దగ్గర చిన్నగా తిప్పి, వదిలింది. ప్రతిసారీ అంతే. జోగమ్మ పెదవులు కదులుతున్నాయి. ఒక్కో విసురూ బట్టీ పడుతున్నట్టు ఉంది ఆవిడ వాలకం.

చివర్లో ఆ చెయ్యి తల మీదికి లేచి గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. అక్కడితో రీలు తెగిపోయింది. దుప్పటి మీద ఉత్త వెలుగు మిగిలింది.

"అదేటి సెప్పబోనాడు మరిదీ?" అని అడిగింది జోగమ్మ.

"ఒడ్డుకొచ్చియ్యండి అని," అన్నాడు గణపతిరావు. "ఏట ముగించినప్పటి సైగ."

జోగమ్మ లేచింది. ఇందు పట్టుకోబోతే వదిలించుకుంది. గణపతిరావు భుజం మీద తువ్వాలు లాక్కుని, చాపల మధ్య నుంచి నడుచుకుంటూ పోయి, ఆ వెలుగులో జనం వైపు వీపు పెట్టి నిలబడింది. ఆడది దిబ్బెక్కి సైగ చెయ్యడం ఆ రేవులో లేదు. అయినా ఎవరూ అడ్డు చెప్పలేదు. దుప్పటి మీద ఆవిడ నీడ పడింది.

"ఒడ్డు ఇటే నాయినా," అంది. "శానా నడిసినావు. వచ్చీయ్."

చెయ్యి తల మీదికి లేపి, తువ్వాలు గుండ్రంగా తిప్పింది. మోచెయ్యి కాస్త బయటికి వెళ్లింది, మణికట్టు దగ్గర చిన్నగా తిరిగింది.

గణపతిరావు పక్కనున్నవాడి మోకాలు గట్టిగా పట్టుకున్నాడు.

"సూడ్రా," అన్నాడు. "అదే సెయ్యి."